గేటు దగ్గర రంకె

స్క్రూడ్రైవరు అంటుకోలేదు. బ్యాటరీని నింపే ఆల్టర్నేటరు కొత్తది బిగించాను, కారు తాళం తిప్పాను, దాని వీపున బేరింగు ఉండే చోట స్క్రూడ్రైవరు మొన ఆనించాను. లోపల ప్రాణం ఉంటే అయస్కాంతంలా పట్టుకుని లాగాలి. లాగలేదు. పాతదీ లాగలేదు, కొత్తదీ లాగలేదు, నా ఖర్మ కాకపోతే ఏమిటిది. పక్కన కుర్చీలో కూర్చున్న ఈయన "సరే" అన్నారు. ఏం సరేనండీ? ఇంకో గంటలో మాటల డాక్టరమ్మ ముందుండాలి మనం, ఇప్పటికే రెండుసార్లు ఎగ్గొట్టాం, ఇవాళ కూడా రాకపోతే ఆ సమయం ఇంకొకరికి ఇచ్చేయక తప్పదని ఆ పిల్ల చెప్పనే చెప్పింది. ఎంత మర్యాదగా చెప్పిందో పాపం, మీ ఇబ్బంది నాకు తెలుసు ఆంటీ, కానీ వరసలో చాలామంది ఉన్నారు, అంది, అంకుల్ ప్రయత్నించడమే మానేశారు, ఇలాగే వదిలేస్తే మాట వచ్చే దారి మూసుకుపోతుంది, అంది. మూసుకుపోవడం అన్న ముక్క దగ్గర ఆ పిల్ల నా మొహం చూడలేక గోడకున్న బొమ్మల వైపు చూసింది. నేను కూడా ఆ బొమ్మలే చూశాను, పిల్లి, గొడుగు, చెంచా. నా మొగుడు చెంచాని చెంచా అనడం కోసం నేను ఇక్కడ మోచేతుల దాకా గ్రీజు పూసుకుని నిలబడి ఉన్నాను.

ఉన్న ఒక్క మాటా ఆ సరేనే. జబ్బు చేసిన రోజున కుడి చెయ్యీ కుడి కాలూ, వాటితోపాటు ఇన్నేళ్ళూ పోగేసుకున్న మాటలన్నీ ఊడ్చుకుపోగా అడుగున ఇదొక్కటి మిగిలింది. ఆకలేస్తే సరే, కోపమొస్తే సరే, దిండు ఎత్తు చాలకపోతే సరే, నేను కాసేపు కనపడకపోతే గట్టిగా సరే. ఇందులో చోద్యమేమిటంటే, కాపురానికి వచ్చినప్పటినుంచి ఈయన నాతో చచ్చినా అనని మాట ఏదైనా ఉందంటే అది ఇదే. కిటికీలకి నీలం గుడ్డ కుడదామంటే వద్దు, పిల్లని పక్కవీధి బడిలో వేద్దామంటే వద్దు, వానొచ్చేలా ఉంది గొడుగు పట్టుకెళ్ళండంటే వద్దు. వద్దన్నాక చివరికి నేనన్నదే చేసేవారు, అది వేరే సంగతి, కానీ ముందు వద్దు అని తీరాలి, అనకపోతే తిన్నది అరగదు. మా వాళ్ళందరి దగ్గరా ఈయన పేరే వద్దులాయన. అలాంటి మనిషి నోట్లో దేవుడు ఈ సరే ఒక్కటీ వదిలిపెట్టాడు, ఆయనకీ హాస్యమెక్కువే. మొదట్లో నాకూ నవ్వొచ్చింది, వంటింట్లోకి పోయి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ అక్కడే కూలబడి ఏడ్చాను. ఎదురుచెప్పే మనిషి ఎదురుచెప్పడం మానేస్తే ఇల్లు ఎంత పెద్దదైపోతుందో ఎవరికి చెప్పను.

కూతురి కారు ఎక్కరు, టాక్సీ ఎక్కరు. నా భుజం మీద బరువంతా వేసి గేటు దాకా బుద్ధిగా వస్తారు, తీరా కారు తలుపు తీసేసరికి ఎడమ చేత్తో గేటు ఊచ పట్టుకుంటారు, ఉడుంపట్టు, అమ్మాయీ నేనూ కలిసి బతిమాలినా వదలరు. సరే సరే అంటూనే వదలరు. ఆ రోజు ఆస్పత్రి బండిలో పడుకోబెట్టి తీసుకెళ్ళారు కదా, ఆ భయం ఇంకా పోలేదేమో అనుకున్నాం. ఆ తర్వాత ఒకరోజు ఊచ వదిలి అదే చెయ్యి షెడ్డు వైపు చాపారు. అమ్మాయికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. రేకుల షెడ్డులో టార్పాలిను కింద ముసుగుతన్ని పడుకుని ఉంది నా సవతి.

సవతి కాక ఇంకేమిటి? సినిమా హాల్లో ఆపరేటరు ఈయన, హాలు యజమాని వాడి వాడి వదిలేసిన మజ్జిగరంగు కారుని మనసుపడి తెచ్చుకున్నారు. అది ఇంటికొచ్చాక నాకు ఆదివారం లేదు, ఆదివారాలన్నీ దానివే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న మెత్తని తువ్వాళ్ళన్నీ దాని ఒళ్ళు తుడవడానికే పోయాయి. ఈయన దాని కింద దూరి కాళ్ళు మాత్రం బయటపెట్టి పడుకుంటే నేను పక్కన పీట వేసుకుని, నా కుట్టు దుకాణంలో మిగిలిన గుండీల పని ఒళ్ళో పెట్టుకుని, అడిగిన స్పానరు అందిస్తూ ఉండేదాన్ని. పదో నంబరుది అంటే పదో నంబరుది, అడక్కముందే అందించడం కూడా వచ్చేసింది. చెవి పెట్టి విను, అనేవారు. యంత్రం అబద్ధమాడదు, విను. చీకటి గదిలో ప్రొజెక్టరు పక్కన కూర్చుని రీలు ఎక్కడ తడబడుతోందో చెవితో పట్టుకునే మనిషి కదా. హాలు మూసేసిన ఏడాదే కారునీ మూసేశారు, టార్పాలిను నాలుగు మూలలా తాళ్ళు కట్టి, చేతులు కడుక్కుని వచ్చి పడుకున్నారు. సవతి అయినా సరే ఆ రోజు దాన్ని చూస్తే జాలేసింది.

నేనే బాగుచేస్తానంటే అమ్మాయి నోరు తెరిచింది. కుట్టుమిషను మోటార్లు విప్పి బిగించేదాన్ని, ఇదీ ఒక మోటారే, కాకపోతే కాస్త ఒళ్ళు చేసిందంతే, అన్నాను. ట్యాంకులో కుళ్ళిన పెట్రోలు తీసేశాం, ఎలుకలు కట్టుకున్న ఇల్లు ఖాళీ చేయించాం, టైర్లకి గాలి కొట్టించాం. బయటి నుంచి కరెంటు ఇస్తే దగ్గుతూ దగ్గుతూ లేచింది, ఆ పూటకి ఎంత సంబరమో, మర్నాటికి మళ్ళీ మూలుగు కూడా లేదు. బ్యాటరీ పోయిందన్నారు చూసినవాళ్ళంతా, కొత్త బ్యాటరీ పెట్టాను, అదీ నీరసించింది, బయట ఛార్జి చేయించి తెచ్చాను. అప్పుడు పీట వేసుకుని దాని ముందు కూర్చుని, ఈయనైతే ఏం చేసేవారు అని ఆలోచించాను. బ్యాటరీకి మీటరు తగిలించి చూసేవారు. చూశాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో ఇంజను తిరుగుతున్నప్పుడూ అక్కడే ఉంది, ఒక వెంట్రుక కూడా పైకి లేవలేదు. అంటే అందరూ తోడుకునేవాళ్ళే గానీ నింపేవాళ్ళు లేని కుండ అది. నింపాల్సింది ఆల్టర్నేటరు. బెల్టు పగుళ్ళిచ్చి జారుతోందేమోనని ముందు బెల్టు మార్చాను, ఫలితం లేదు. అప్పుడు గుర్తొచ్చింది స్క్రూడ్రైవరు చిట్కా. మొన అంటుకుంటే బతికున్నట్టు, అనేవారు ఈయన. అంటుకోలేదు, ఇక దాన్ని విప్పాల్సిందే.

ముందు బ్యాటరీ నల్లతీగ విప్పాలి, అది ఆయన నేర్పిన మొదటి పాఠం. తర్వాత బెల్టు వదులు, తర్వాత లావు తీగ, సన్న తీగ, తర్వాత బోల్టులు. కింది బోల్టు మాత్రం మొండికేసింది. బలమంతా పెట్టాను, నా భుజం కలుక్కుమంది గానీ అది కదల్లేదు. ఛీ నీ బోల్టు పాడుగాను, అని స్పానరు విసిరికొట్టాను. కుర్చీలోంచి "సరే" అని వినపడింది, చూస్తే ఎడమ చెయ్యి చాపి ఉంది, సుత్తి కోసం. ఇచ్చాను. కుర్చీ దగ్గరికి జరిపాను. ఆయన దాని తల మీద టక్ టక్ టక్ అని కొట్టారు, గట్టిగా కాదు, నిద్రపోతున్న పిల్లని లేపినట్టు, ఆగారు, నా వైపు చూశారు. నేను స్పానరు వేసి తిప్పాను, కిర్రుమంది, మళ్ళీ ఆయన కొట్టారు, మళ్ళీ నేను తిప్పాను. ఆయన ఎడమ చెయ్యీ నా కుడి చెయ్యీ కలిపి ఇద్దరం ఒక మనిషి చేసే పని చేశాం. బోల్టు వచ్చాక ఆయన మొహంలో ఏదో కదిలింది, నవ్వు అనుకునేలోపే పోయింది.

పాతదాన్ని చేత్తో తిప్పితే ఇసుక నమిలినట్టు బరబరమంది. వీధి చివర ఆటో ఎలక్ట్రీషియను దాన్ని విప్పి, లోపల కరెంటు అందించే బొగ్గుముక్కలు అరిగి మొండి గోళ్ళలా మిగిలినవి చూపించాడు, రాగి రింగులు పచ్చగా పాచి పట్టినట్టున్నాయి, దీని పని అయిపోయిందమ్మా, అన్నాడు. బాగుచేసి పెట్టుకున్న మరొకటి బల్ల మీద తిప్పించి దీపం వెలిగించి మరీ చూపించాడు. కాబట్టి కొత్తది బతికే ఉంది, ఆ మాట గట్టిగా చెప్పగలను, నా కళ్ళారా చూశాను. మరి నా బండిలోకి వచ్చేసరికి దానికేం రోగం? "సన్న తీగ మర్చిపోకండమ్మా, అందులోంచే దీనికి లెమ్మని కబురొస్తుంది. ఎర్ర దీపం సంగతి చూసుకోండి" అన్నాడు కూడా. "మా బండిలో ఎర్ర దీపం వెలగనే వెలగదు నాయనా" అని గొప్పగా చెప్పాను. గ్రైండరు మోతలో వినపడిందో లేదో, తల మాత్రం ఊపాడు.

ఎర్ర దీపం. దాని మొహం చూడకుండా ఎన్నేళ్ళైంది. అప్పుడు పిల్లకి రెండో ఏడు, ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే కారులో ఆస్పత్రికి బయల్దేరాం, సందెవేళ, వాన, నా ఒళ్ళో పిల్ల కళ్ళు తేలేస్తోంది. ముందు అద్దం తుడిచే పుల్లలు నెమ్మదించాయి, తర్వాత లైట్లు పసుపుపచ్చగా అయి గుడ్డివైపోయాయి, స్టీరింగు వెనక ఆ ఎర్ర దీపం మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది, కారు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఈయన పిల్లని చొక్కాలోకి దూర్చుకుని ఆస్పత్రి వైపు పరుగు. వెనక నేను, గొడుగు ఎవరికి పట్టానో నాకే తెలియదు. పిల్ల బతికింది, బతికి ఇప్పుడు ఫోనులో నాకు సుద్దులు చెబుతోంది. నాలో మాత్రం ఆ దీపం ఉండిపోయింది. ఎప్పుడు తాళం తిప్పినా అది ఒక్క క్షణం వెలిగేది, ఆరేదాకా నేను ఊపిరి బిగబట్టేదాన్ని, గోళ్ళు దిగేలా ఈయన మోచెయ్యి పట్టుకునేదాన్ని. "అది వెలగాలి దొరసానీ, వెలిగి ఆరితేనే ఆరోగ్యం" అని ఎన్నిసార్లు చెప్పారో, నా బుర్రకెక్కలేదు. బజారుకి పోయినా అంతే, పెళ్ళికి పోయినా అంతే. ఒక ఆదివారం నుంచి అది వెలగడం మానేసింది. "దానికి బుద్ధొచ్చిందిలే" అన్నారు. అమ్మయ్య అనుకున్నాను, ఆ రోజు మొదటిసారి కిటికీలోంచి వీధి చూస్తూ వెళ్ళాను. ఎంత హాయిగా ఉండిందో, దారి పొడుగునా పాడుతూనే ఉన్నాను, పాడకు బాబోయ్ వద్దు అన్నారు ఈయన.

ఫోను మోగుతోంది. "అమ్మా, ఇంకా అవలేదా? నే వచ్చెయ్యనా?" వద్దులేవే. "ఆ రంకెలేసే బండిని ఇంక వదిలెయ్యమ్మా, నాన్నని నెమ్మదిగా నచ్చజెబుదాం." రంకె. పిల్లకి కూడా అదే గుర్తు. బయల్దేరినప్పుడల్లా గేటు దగ్గర ఆపి కాలు అదిమిపట్టి ఒక్కసారి ఆంబోతులా రంకె వేయించేవారు కదా, పొగ లేచి, రేకు మీద పావురాళ్ళన్నీ ఎగిరిపోయి, ఎదురింటి ముసలమ్మ చెవులు మూసుకునేది. ఊరంతా చాటింపెయ్యాలా మనం బయల్దేరామని, మగవాళ్ళకి వయసొస్తుంది గానీ బుద్ధి రాదు, అని నేను సతాయించని రోజు లేదు. ఈయన చెవులు ఎర్రబడేవి, నిటారుగా ముందుకు చూసేవారు. ప్రతిదానికీ వద్దు అనే మనిషి, ఆ ఒక్క తిట్టుకీ బదులు చెప్పేవారు కాదు. ఎందుకో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఫోను పెట్టేశాను.

ఇంక ఏదైతే అదైంది అని ఇంజను వేశాను. లేచింది, మెల్లగా కొట్టుకుంటోంది. మీటరు ఈయన ఎడమ చేతిలో ఉంది, బ్యాటరీ నుంచి తీగలు ఒళ్ళోకి లాగి పెట్టాను, ముల్లు కదిలితే చెప్పండి అన్నాను. చెప్పండి అన్నాను చూడండి, నా తెలివి. ముల్లు కదల్లేదు, ఆయన మొహమే చెబుతోంది. "సరే," అన్నారు. "సరే! సరే!" ఎడమ కాలు నేలకేసి తాటిస్తున్నారు. చిరాకు పడకండి, నేనూ మనిషినే, అన్నాను. అయినా తాటిస్తున్నారు. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు మీద తల ఆనించాను, ఈయన చేతుల వాసన ఇంకా ఉంది దానికి, లేదా అది నా చేతుల గ్రీజు వాసనేనేమో. అయిపోయింది. ఈ బండి ఇలాగే బయల్దేరితే సగం దారిలో ఆగుతుంది, ఈ మనిషిని చొక్కాలో దూర్చుకుని పరిగెత్తడానికి నాకు శక్తి లేదు. డాక్టరమ్మకి ఫోను చేసి రావడం లేదమ్మా అని చెప్పేస్తాను, ఆ గంటకి ఇంకెవరో వస్తారు, పిల్లీ గొడుగూ నేర్చుకుంటారు, మేమిద్దరం ఈ సరే పట్టుకుని ముసలివాళ్ళమైపోతాం. ఆపేద్దామని తాళం మీద చెయ్యి వేశాను.

"ర్ర్ర్ర్ర్ర్."

తలెత్తాను. ఈయన. పెదవి ఒక పక్కకి జారి, గడ్డం మీదికి ఉమ్ము కారుతూ, బస్సాట ఆడే పిల్లాడిలా, "ర్ర్ర్ర్ర్ర్." ఎడమ కాలు పైకెత్తి నేలకి అదిమి, అదిమినది అదిమినట్టే ఉంచారు. తాటించడం కాదది, తొక్కడం. కళ్ళు నన్ను పట్టుకుని ఊపేస్తున్నాయి. ఆ మోత నాకు తెలుసు, ఆ మోతని ఎన్నేళ్ళు తిట్టాను. నా కాలు దానంతటదే యాక్సిలరేటరు మీద పడింది, అడుగంటా తొక్కాను. షెడ్డు రేకులు గణగణలాడాయి, పావురాళ్ళు లేచాయి, ఎక్కడో కిటికీ తెరుచుకుంది. ఆ రంకె మధ్యలో ఇంజను గొంతు కాస్త బరువెక్కింది, బిందె తలకెత్తుకున్న మనిషి అడుగులా. చెవి పెట్టి విను, అనేవారు కదా, విన్నాను. కాలు తీశాను. ఆయన మీటరు తిప్పి నాకు చూపించారు. ముల్లు పైకి లేచి, పద్నాలుగు వోల్టులు దాటి, అక్కడే నిలబడి వణుకుతోంది. నవ్వుతున్నారు. వంకర నవ్వే, అయినా పోకుండా నిలిచిన నవ్వు.

ఎందుకు రంకె వేస్తే గానీ లేవలేదిది? సన్న తీగలోంచి లెమ్మని కబురొస్తుందన్నాడు, ఎర్ర దీపం సంగతి చూసుకోండన్నాడు. ఇంజను ఆపాను. స్టీరింగు కిందినుంచి చెయ్యి పోనిచ్చి తడుముకుంటూ వెళ్ళి ఆ దీపం గూడు బయటికి లాగాను. బల్బు లేదు. ఖాళీ మూతికి టేపు చుట్టి ఉంది, ఫిల్ము తెగితే అతికించే టేపు, అంచులు ఎంత కుదురుగా కలిశాయంటే కుట్టుపనిదాన్ని నేనే అంత కుదురుగా కలపలేను. ఆ టేపు వాడేవారు ఈ ఇంట్లో ఒక్కరే. బల్బులోంచి వెళ్ళాల్సిన కబురు అది. నేను భయపడుతున్నానని బల్బు పీకేశారు, పీకేస్తే ఇది తనంతట తాను లేవదు కాబట్టి బయల్దేరిన ప్రతిసారీ గేటు దగ్గర ఆపి రంకె వేసి లేపేవారు. బజారుకి పోయినా, పెళ్ళికి పోయినా. నేను తిడుతుంటే చెవులు ఎర్రబడేవి, నోరు మెదిపేవారు కాదు. చెబితే నేను బల్బు పెట్టించేస్తాను, మళ్ళీ ఊపిరి బిగబడతాను, అదీ ఆయన లెక్క. ఓరి దేవుడా, ఇంత ప్రేమ పెట్టుకుని ఇంత మొండితనం ఏమిటండీ మీకు. అక్కడే సీటు పక్కన గ్రీజు చేతులతో కూర్చుని ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

మొహం తుడుచుకుని వచ్చి, బానెట్టు మూసి, ఆయన్ని లేపాను. భుజం మీద బరువేశారు. కారు తలుపు తీశాను. గేటు వైపు చూడనైనా లేదు, తనే ఎడమ చెయ్యి తలుపు మీద వేసి, నడుము వంచి, సీట్లోకి ఒరిగారు, కుడి కాలు నేనెత్తి లోపల పెట్టాను. డాక్టరమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది, వేళ మించలేదు. ఆయన ముందున్న అర తెరిస్తే రీళ్ళ అతుకుల సామాను పెట్టుకునే చిన్న రేకు డబ్బీ ఉంది, అందులో దూది చుట్టిన బుల్లి బల్బు. పారెయ్యలేదు మహానుభావుడు.

"ఇది పెట్టేస్తానండీ," అన్నాను. "ఇంక నడిపేది నేనే కదా. భయపడనులెండి, ఒట్టు. వెలిగి ఆరితేనే ఆరోగ్యం, మీరే కదా చెప్పారు."

టేపు విప్పుతున్నాను. ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఉడుంపట్టు. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి, మెడ నరం ఉబ్బింది, సరే వస్తుందనుకున్నాను. రాలేదు. ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయాను, దీపం ఆరేదాకా బిగబట్టినట్టు.

"వ... వ... వద్దు."

బల్బుకి దూది చుట్టి డబ్బీలో పెట్టాను, గూడుకి టేపు నొక్కి ఎప్పట్లా లోపలికి తోశాను. ఇంజను వేసి గేటు దాకా తెచ్చి ఆపాను. ఎదురింటి కిటికీ తెరిచే ఉంది.

"సరే," అన్నాను నేను, కాలు అడుగంటా తొక్కాను.